మిట్టమధ్యాహ్నపు మెరుపు

నేను ఒక ఫ్లాష్‌ని. కెమెరా నెత్తిన కూర్చుని, కడుపులో నాలుగు సెల్లులు మోస్తూ, మనుషుల మొహాల మీద రెప్పపాటు వెలుగు చల్లడం నా పని. సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను తయారు చేసినవాళ్ళ పేర్లు తెలియవు. పెట్టెలో పెట్టే ముందు నా గాజు మొహాన్ని తుడిచిన వేళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయని గుర్తుంది. అక్కడి నుంచి మద్రాసు వచ్చాను, మద్రాసు నుంచి గుంటూరు.

గుంటూరులో నా మొదటి యజమాని పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేవాడు. మనుషులు ఎంత విచిత్రమైనవాళ్ళో అక్కడే తెలుసుకున్నాను. అప్పటిదాకా పకపకా నవ్వుతున్నవాళ్ళు ఫోటో అనగానే నవ్వడం మానేస్తారు. తమ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకే తెలియదు. నేను వెలగగానే కళ్ళు మూసుకుని, ఫోటో వచ్చాక ఫోటోగ్రాఫరును తిడతారు. ఆరేళ్ళ తర్వాత ఆయన ఇంకో ఫ్లాష్ కొనుక్కుని నన్ను మస్తాన్ వలీకి అమ్మేశాడు.

మస్తాన్‌కు పల్నాడులో ఒక చిన్న ఊళ్ళో ఒంటిగది స్టూడియో ఉంది. ఒక సైకిలు ఉంది. నన్ను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని పల్లెలన్నీ తిరిగేవాడు. చీకటి పడితేనే నాతో పని. ఎండ ఉన్నంతసేపూ తువ్వాలులో పడుకునేదాన్ని. నిజం చెప్పాలంటే అది నాకు సుఖంగానే ఉండేది.

ఒక ఏడు చలికాలంలో పక్క పల్లె హైస్కూలు ఆడపిల్లలు జిల్లా కబడ్డీ పోటీలకు ఎంపికయ్యారు. ఏడుగురికీ ఫోటోలు కావాలి. అంతకుముందు ఏడు ఏవో బడులు వేరే పిల్లల్ని తెచ్చి ఆడించాయట. అందుకని ఈసారి ఫారం మీది ఫోటోతో పిల్ల మొహం పోల్చి చూస్తారు. కలవకపోతే గీత దాటి లోపలికి రానివ్వరు. మస్తాన్ వెళ్ళి, సున్నం వేసిన బడి గోడ ముందు మిట్టమధ్యాహ్నం ఏడుగుర్నీ నిలబెట్టి ఫోటోలు తీశాడు. నేను సంచిలోనే ఉన్నాను.

ఆరు ఫారాలు సరిపోయాయి. అంకమ్మది తిరిగొచ్చింది.

అంకమ్మ తొమ్మిదో తరగతి. హాజరు పిలిస్తే ఆ పిల్ల పలికేది పక్కనున్న పిల్లకు కూడా వినపడదు. అదే కూతకు వెళ్తే రోడ్డు మీద పోయే బండివాడు ఆగి చూస్తాడు. జట్టు గెలిచిందంటే సగం ఆ పిల్ల వల్లే. కానీ ఫోటోలో గోడ తెల్లగా మెరుస్తోంది, బనీను మీద నాలుగో నంబరు కనిపిస్తోంది, దాని పైన ఒక నల్లటి మరక ఉంది. కళ్ళున్న చోట రెండు గుంటలు. ‘ఎవరో తెలియడం లేదు’ అని ఫారం మీద ఎర్ర సిరాతో రాసి పంపారు. ఎల్లుండే పోటీలు.

మర్నాడు మస్తాన్ మళ్ళీ బడికి వెళ్ళాడు. మిరప చేలో పనిలో ఉన్న అంకమ్మ తల్లి కోటమ్మ పౌడరు డబ్బా పట్టుకుని పరుగున వచ్చింది.

“ఆ రోజు రాయలేదన్నా, అందుకే అట్టా వచ్చింది,” అంటూ పిల్ల మొహానికి పొరమీద పొర అద్దింది.

డ్రిల్లు మాస్టారు బాలకోటయ్య కూడా అక్కడే నిలబడ్డాడు. “గోడ మారిస్తే మళ్ళీ ఏదో ఒక వంక పెడతారు సాయిబూ. ఏడుగురికీ ఒకే గోడ ఉండాల,” అన్నాడు.

అప్పుడు మస్తాన్ తువ్వాలు విప్పి నన్ను బయటికి తీశాడు. అంత ఎండలో నన్ను కావాలని బయటికి తీయడం అదే మొదటిసారి. సిగ్గనిపించింది.

మాస్టారు నవ్వాడు. “ఏంది సాయిబూ, పట్టపగలు దీపం పెడతన్నావు? సూర్యుడు చాలట్లేదా?”

“సూర్యుడు నెత్తిమీద ఉండాడు మాస్టారూ. మొహం మీద లేడు,” అన్నాడు మస్తాన్. “నిరుడు మా చుట్టాల నిఖాలో దీన్ని ఆపడం మర్చిపోయా. పెళ్ళికొడుకు మొహానికి పూల తెర, పైన మండే ఎండ. అయినా ఫోటోలో మీసంతో సహా కనపడ్డాడు. ఏదో లాబువాళ్ళ చలవనుకున్నా. రాత్రి ఆలోచిస్తే ఇది గుర్తొచ్చింది.”

దగ్గరగా వచ్చి ఒకటి తీశాడు. నేను పూర్తి బలంతో వెలిగాను. ఆ పౌడరు మీద పడిన నా వెలుగు తిరిగొచ్చి నా కళ్ళే చెదరగొట్టింది.

రెండోది తీయబోతుంటే అంకమ్మ పెదవులు కదిలాయి.

“ఏంది తల్లీ?” అన్నాడు మస్తాన్.

“పౌడరు కడుక్కుంటా మావయ్యా.”

“నోర్మూసుకుని నిలబడు,” అంది కోటమ్మ. “నల్లగా వస్తే మళ్ళీ పంపిస్తారు.”

అంకమ్మ తల వంచుకునే చెప్పింది. “ఆడేటప్పుడు చెమటకి పౌడరు ఉండదు గదమ్మా. వాళ్ళు పోల్చేది ఆ మొహాన్నే గదా.”

కోటమ్మ పౌడరు డబ్బాకు మూత పెట్టేసింది. మాస్టారు వెళ్ళి బోరింగు కొట్టాడు. ఆ పిల్ల మొహం కడుక్కుని, బనీను అంచుతో తుడుచుకుని వచ్చింది. మస్తాన్ నా మొహం మీద తెల్లటి చేతిరుమాలు ఒక మడత కప్పాడు. నాలుగడుగులు వెనక్కి నడిచాడు. ఈసారి నేను నెమ్మదిగా, సూర్యుడు వదిలేసిన చోట మాత్రమే పడ్డాను. కనుబొమల కింద, ముక్కు పక్కన, గడ్డం కింద.

సాయంత్రం పట్నం లాబు బయట మస్తాన్ సైకిలు స్టాండు కూడా వేయకుండా కవరు చింపాడు. మొదటి ఫోటోలో నల్లటి మెడ మీద సున్నపు బొమ్మ తల ఉంది. దాన్ని కవరులోకి తోసేశాడు. రెండోది తీశాడు. అందులో అంకమ్మ ఉంది. ఆమె రంగులోనే ఉంది. రెండు కళ్ళలోనూ చెరొక చిన్న చుక్క మెరుస్తోంది. ఆ చుక్కలు నేనే. మస్తాన్ అక్కడే మెట్టు మీద కూర్చుని, పక్క కొట్లో టీ అడిగాడు.

పోటీల రోజు జట్ల ఫోటోల కోసం నన్నూ తీసుకెళ్ళాడు. గీత దగ్గర ఫారాలు చూసే కళ్ళద్దాల ఆయన కొత్త ఫోటో అంటించిన ఫారం పైకెత్తి, ఫోటో వంక చూసి, అంకమ్మ వంక చూసి, మళ్ళీ ఫోటో చూశాడు. బాలకోటయ్య మాస్టారు మెడలో విజిలు తిప్పుతూనే ఉన్నాడు.

“నువ్వే,” అన్నాడాయన. “పో, ఆడు.”

మస్తాన్ ఊపిరి వదిలాడు. అది నా గాజుకు ఆవిరిలా తగిలింది. ఆ వెంటనే లోపలి నుంచి కూత వినపడింది.

రెండో ఆటలోనే ఓడిపోయారనుకోండి. ఓడినందుకు ఏడ్చారు, కానీ అది ఆడి ఓడినవాళ్ళ ఏడుపు.

ఇప్పుడు నేను మస్తాన్ స్టూడియోలో అద్దాల బీరువాలో ఉన్నాను. వెలగబోయే ముందు లోపల సన్నగా కూసేదాన్ని, ఇప్పుడు సెల్లులు వేసినా ఆ కూత రావడం లేదు. జేబుల్లో ఫోన్లు వచ్చాయి. వాటిలో జనం తమ రంగు తామే మార్చుకుంటుంటే అద్దంలోంచి చూసి నవ్వుకుంటాను. నాకు బెంగ లేదు. అప్పట్లో, పోటీలైన వారానికి, కోటమ్మ చేలోంచి నేరుగా, చేతులకు మిరప ఘాటుతోనే, స్టూడియోకి వచ్చింది. గోడ మీద ఉన్న తెల్లటి పెళ్ళికూతుళ్ళ ఫోటోలన్నీ వరసగా చూసింది. కొంగు ముడి విప్పి, ఆ రెండో ఫోటోని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

“దీన్ని పెద్దది చేసియ్యన్నా, ఇంట్లో పెట్టుకుంటాం,” అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “రంగు మాత్రం మార్చమాక,” అంది.