వరస తెలియని వాళ్ళు

"బైండరుగారికి సీరియస్‌గా ఉందట. తీసుకెళ్ళిపోతున్నారట. మిమ్మల్ని ఉన్నపళాన రమ్మంటున్నారు," అంటూ మా ఆవిడ స్నానాల గది తలుపు బాదింది. ఫోన్ ఎత్తింది తనే. నెత్తిన సబ్బు నురగతోనే చొక్కా తగిలించుకుని లైబ్రరీకి పరుగెత్తాను. తీరా చూస్తే బైండరు గుమ్మంలో, జిగురు చేతులు తుడుచుకుంటూ, నాకంటే నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

"బాగానే ఉన్నావు కదయ్యా," అన్నాను, సంతోషించాలో కోప్పడాలో తెలియక.

"నాకేం సార్, దుక్కలా ఉన్నాను. పోతున్నవి మన సీరియల్స్. అమ్మగారికి అదే చెప్పాను."

అప్పుడు చూశాను వ్యాను. గుమ్మానికి వీపు పెట్టి నోరు తెరుచుకుని ఉంది. నేను రెండ్రోజులు సెలవు పెట్టేసరికి, మా సెక్షన్ సెక్షనంతా ఆ నోట్లోకి ఎక్కిపోతోంది.

సీరియల్స్ సెక్షన్ అంటే మా అత్తగారు చూసేవి కావు. నెలకో ఏడాదికో ఒకటి చొప్పున, అదే పేరుతో వస్తూనే ఉండే పత్రికలూ, నివేదికలూ. వచ్చినవాటిని వరసలో పెట్టడం, రానివాటి కోసం పోట్లాడటం, వరస నిండాక బైండరు చేత కుట్టించి సంపుటం చేయించడం నా ఉద్యోగం. పేరు ఒకటే, లోపల ఏ రెండూ ఒకటి కావు. ఈ ముక్క లైబ్రరీలో విడమరచి చెప్పాల్సొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ప్రతి కట్ట మీదా ఎర్ర చీటీ అంటించారు: 'నకలు'.

కొత్త డైరెక్టరుగారు మెట్ల మీదే ఉన్నారు. "రండి, మీ బరువు తగ్గిస్తున్నాం. కంప్యూటర్లో పేర్లు పోల్చి చూస్తే ఒక్కో పుస్తకానికి బోలెడు కాపీలు తేలాయి. కొత్తది ఒకటి ఉంచి మిగతావి కాగితం మిల్లుకి పంపుతున్నాం. నిన్ననే ఒక ట్రిప్పు వెళ్ళింది."

"సార్, మీ పిల్లలందరికీ ఇంటిపేరు ఒకటే కదా. కడగొట్టువాణ్ణి ఉంచుకుని మిగతావాళ్ళని వ్యానెక్కిస్తారా?"

"మీ హాస్యం నాకు తెలుసు. మాకు చోటు కావాలి. సదస్సుకి హాలు చాలడం లేదు."

ఏ సదస్సో చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. 'వివిధ శాస్త్రాల్లో సీరియాలిటీ'. అంటే ఒకదాని తర్వాత ఒకటి వరసగా రావడమనే సంగతి మీద. లెక్కల ప్రొఫెసరుగారు శ్రేణుల గురించి, చరిత్ర ప్రొఫెసరుగారు తరాల గురించి, సంగీతం మేడంగారు స్వరాల గురించి మాట్లాడతారు. వరస గురించి మాట్లాడటానికి చోటు చాలక వరసల్ని ఖాళీ చేయిస్తున్నారన్నమాట. సంపుటాలంటే చంపుటాలనుకున్నారు కాబోలు. ఈ తీసివేతకి ఆ ముగ్గురూ సంతకాలు కూడా పెట్టారట.

హాల్లోకి వెళ్ళి అడిగాను. నా గొంతు మామూలుగానే రెండు గదులకి సరిపోతుంది, ఆ రోజు భవనమంతటికీ సరిపోయింది.

"పేర్లు మాత్రమే చూపించారండీ," అన్నారు లెక్కలాయన. "ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంటే నకళ్ళే అనుకున్నాం."

"మీ శ్రేణిలో నాలుగంకెలు లాగేస్తే ఊరుకుంటారా?"

"సూత్రం తెలిస్తే మళ్ళీ రాబట్టొచ్చు," అన్నారాయన, అలవాటు కొద్దీ.

"వీటికా సూత్రం లేదు సార్. బైండరు కుట్టిన సూత్రం ఒక్కటే ఉంది."

చరిత్రాయన కాగితాల్లో తలదూర్చారు. సంగీతం మేడంగారు మాత్రం లేచి నా వెనకే బయటికి వచ్చారు.

వ్యాను దగ్గర గొడవ. మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, కట్టల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక ఊరి తాగునీటి మీద పరిశోధన చేస్తోంది. ఏటేటా ఆ నీటిని పరీక్షించి రాసిన నివేదికలు మా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. వచ్చే వారం వాటిని పరీక్షకుల ముందు పెట్టాలి.

"దిగమ్మా, ఆలస్యమవుతోంది," అంటున్నాడు డ్రైవరు.

"నా కట్టలు దిగాకే నేను దిగుతా. ఏం బావా, నోరు చూస్తే ఊరంత, కాపలా ఇంతేనా?"

"తిట్లు తర్వాత. నీవన్నీ ఉన్నాయా?"

"మొదటివి కొన్ని లేవు. నిన్నటి ట్రిప్పులో పోయినట్టున్నాయి." తల తిప్పేసుకుంది. మెట్ల మీదున్న డైరెక్టరుగారిని పిలిచింది. "సార్, నకళ్ళని మీరే రాశారుగా. చదవండి. అన్నిట్లో ఒకే బావి."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఒకటి తెరిచారు. "'నీరు తాగవచ్చు.'" ఇంకోటి. "'నీరు తాగవచ్చు.' చూశారా, రెండూ ఒకటే."

"తర్వాతది."

"'నీరు తాగవచ్చు. రుచి మారినది.'"

"ఆ తర్వాతది."

"'పిల్లలకు పట్టరాదు.'" ఆయన గొంతు తగ్గింది. మరోటి అడక్కుండానే అందుకున్నారు గానీ పైకి చదవలేదు.

"మీరు ఉంచుకున్న కొత్తదాంట్లో 'బావి పూడ్చిరి' అని మాత్రమే ఉంది," అంది మరదలు. "నీళ్ళెప్పుడు చెడ్డాయి, తెలిసి కూడా ఎన్నాళ్ళు తాగనిచ్చారు, అదంతా ఈ మధ్యవాటిలో ఉంది. ఆ పిల్లలిప్పుడు పెద్దవాళ్ళయ్యారు. కాళ్ళు వంకరపోయి నడవలేకపోతున్నారు. ఎందుకో వాళ్ళకి చెప్పేది ఎవరు?"

నాకు ఒక్క చమత్కారమూ తోచలేదు. తోచిన మాట ఒకటుంది, అది ఇక్కడ రాయను.

"దింపించండి," అన్నారు డైరెక్టరుగారు.

"దింపితే సరిపోదు. పొద్దున మైకులో నకళ్ళు తీసేశామని గొప్పగా ప్రకటించారట. ఇదీ ఆ మైకులోనే చెప్పండి," అన్నాను.

సంగీతం మేడంగారు, ఫోను చెవికి ఆనించుకున్న ఆయన్ని వేదిక దాకా నడిపించుకెళ్ళి మైకు చేతికిచ్చారు. హాలు నిండా జనం. వెనక గుమ్మంలో నేను, మరదలు, బైండరు.

"పొద్దున నేను నకళ్ళన్నవి నకళ్ళు కావు," అన్నారాయన. "పేరు ఒకటైతే పుస్తకమూ ఒకటే అనుకుని పేర్లు పోల్చాం. ఒక్కటీ తెరిచి చూడలేదు. ఒక్కో సంపుటం ఒక్కో ఏడాదిది. ఉన్నవన్నీ వెనక్కి పెట్టిస్తున్నాం." కూర్చోబోయారు.

"నిన్నటివి?" అంది మరదలు గుమ్మంలోంచి.

ఆయన మళ్ళీ మైకు దగ్గరికి వచ్చారు. "నిన్నటివి మిల్లులో గుజ్జయిపోయాయి. ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. ఈ అమ్మాయి పరిశోధనలో కొన్నేళ్ళు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ ఆవిడది కాదు, మాది. పరీక్షకులకి ఆ మాట నేనే వచ్చి చెబుతాను."