ఉప్పు లేని కందగడ్డ

దేవమ్మ అన్నం ముట్టక మూడు రోజులు. దేవమ్మ నా భార్య. రెండు కిడ్నీలు పోయి ఏడాదిన్నర అయింది. వారానికి మూడుసార్లు మెషిన్ మీద రక్తం కడిగిస్తం. ఉప్పు బందు, పండ్లు బందు, కొబ్బరినీళ్లు బందు. నీళ్లు సుత కొలిచి తాగాలె.

శనివారం మెషిన్ మీద ఉండంగనే బీపీ పడిపోయింది. తినకుంటే గిట్లనే అయితది, మళ్లీ గిట్లయితే మెషిన్ పెట్టుడు కష్టం అని డాక్టర్ అన్నడు. ఇంటికొచ్చినంక మంగళవారం నేను రాను అని గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

తెల్లారి శివరాత్రి. లాలాగూడల మా గల్లీ అంతా ఒక్కపొద్దులు. ఇంటింటికీ కందగడ్డలు, అదే చిలగడదుంపలు, ఉడుకుతున్నయి. ఆ తియ్యటి వాసనకు ఆమె కండ్లు తెరిచింది. మనమరాలు లాస్యకు కోడలు చేసే తీరు, పొడుగ్గ కోసి, కరకర వేయించి, కారం చల్లితే రెండు తింటనేమో అన్నది.

కొడుకు, కోడలు పిల్లను తీసుకొని బొల్లారం పోయిండ్రు. నేను వంట చేసినోన్ని కాదు. చదివింది మూడో తరగతి, చేసింది రైల్వే వర్క్‌షాపుల కమ్మరి పని. మెషిన్ కాడ ఉండే నర్సు ఎలీసబెతుకు ఫోన్ చేసిన. గడ్డల పొటాషియం అనేది ఉంటదట. రక్తంల అది పెరిగితే గుండె ఆగుతదట. తోలు తీసి సన్నగ కోసి, వేడినీళ్లల్ల రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలె. మళ్లీ ఉడకబెట్టి అవి సుత పారబోయాలె. ఆరు ముక్కలు పెట్టు తాతా, ఉప్పు మాత్రం వద్దు అని రెండుసార్లు చెప్పింది.

అట్లనే చేసిన. తువాల మీద ఆరబెట్టిన. పూర్తిగ ఆరకముందే మూకుట్ల వేస్తే నూనె చిల్లి చెయ్యి కాలింది, ముక్కలు పీలికలైనయి. రెండో వాయికి బియ్యప్పిండి పట్టించిన. నూనెల ఒక ముక్క వేస్తే మునిగి వెంటనే తేలింది. అప్పుడు మిగతావి వేసిన. ఇనుము కాలుతున్నప్పుడు చూసినట్టు రంగునే చూస్తూ నిలబడ్డ. ఎర్రగ కాంగనే తీసి మిరపపొడి, వేయించిన జీలకర్ర పొడి, పుల్లటి మామిడి పొడి ఆమ్చూర్ చల్లి కలిపిన.

ఒకటి నోట్ల పెట్టుకున్న. కరకరలాడింది గని సప్పగ ఉన్నది. మూడు రోజుల కింద పెట్టిన అన్నం సుత సప్పగున్నదనే ఆమె ఊంచింది. ఇది సుత ఊంచితే ఇంక నా చేతుల ఏం లేదు.

గూట్ల నా ఉప్పు ప్యాకెట్ ఉన్నది. నాకు బీపీ వచ్చినప్పుడు కోడలు తెచ్చింది. మామా, ఇది బీపీ ఉన్నోళ్ల ఉప్పు, ఏం కాదు అన్నది. రెండేండ్లుగ తింటున్న, ఏం కాలేదు. రోగం ఉన్నోళ్ల కోసం చేసిన ఉప్పు రోగికి ఏం చేస్తది అనుకున్న. రెండు చిటికెలు వేసిన. ఆమె మొకం తలుచుకొని ఇంకో రెండు వేసిన.

తట్ట ఒళ్లె పెట్టిన. ఒకటి కొరికింది. ఇంకోటి తీసుకున్నది. ఆరు ముక్కలు దాటినయి. నేను ఆపలేదు. మంగళవారం వస్త తియ్ అన్నది.

ఎన్నడూ నా అంతట నేను ఎవ్వరికీ మంచి ముచ్చట చెప్పినోన్ని కాదు. ఇయ్యాల వరండాలకు పోయి ఎలీసబెతుకు ఫోన్ చేసిన. ఉప్పు వెయ్యలేదు కదా అని అడిగింది. మామూలుది కాదు సిస్టర్, బీపీ ఉప్పు అన్న.

ఎలీసబెతు గొంతు పెంచింది.

"తాతా, ఆ ఉప్పుల కలిపేదే పొటాషియం. నీకు మంచిది, ఆమెకు విషం. ఇప్పుడే తోలుకరా. మంగళవారం దాక ఆగొద్దు."

లోపలికి ఉరికిన. తట్టల నాలుగే మిగిలినయి. గుంజుకున్న.

"తినమని నువ్వే పెడ్తివి, నువ్వే గుంజుకుంటున్నవా?"

సంగతి చెప్పిన. ఆమె భయపడలేదు. మూడు రోజులకు కడుపు నిండింది, పోతే గిట్లనే పోనీ, మళ్లీ ఆ సూదులు నాకొద్దు అన్నది. నేను పిలిచిన ఆటో వచ్చి గేటు కాడ నిలబడ్డది. చెయ్యి పట్టి లేపితే మంచం కోడును గట్టిగ పట్టుకున్నది. చెప్పేటందుకు నాకు మాటలు రావు, ఎన్నడూ రాలేదు. కింద కూసొని ఆమె రెండు కాళ్లు పట్టుకున్న.

ఆమె కాళ్లు గుంజుకోబోయింది. నేను విడవలేదు.

"విడువు. మొగుడు కాళ్లు మొక్కితే నాకు పాపం తగులుతది. శివరాత్రి పూట గిదేం పని."

"లేస్తెనే విడుస్త."

నా చేతుల్ల నుంచి కాళ్లు విడిపించుకునేటందుకే లేచింది. అట్లనే ఆటో దాక నడిపించిన.

ఇప్పుడు మెషిన్ తిరుగుతున్నది. రొమ్ముకు వైర్లు పెట్టిండ్రు. ఎట్లుందని అడిగితే ఇప్పుడే చెప్పలేం తాతా అన్నది ఎలీసబెతు. దేవమ్మ చేతులు సల్లగున్నయి.

నాకు తెల్వదే, అని చెప్పిన.

తెలిసి పెడ్తవా, అని ఆమె కండ్లు మూసుకున్నది.

దేవమ్మా అని పిలిచిన. ఊఁ అన్నది. జెరాగి మళ్లీ పిలిచిన. పక్క మంచపోళ్లు చూస్తున్నరు. చూడనీ. పిలుస్తనే ఉన్న.