పచ్చరంగు కింద ఇనుము

వేడి వాకిట్లో నిలబడి ఉంది.

కూర్చోమన్నా కూర్చోని చుట్టంలా... నిలబడే ఉంది. వేపాకు కదలదు. గోడ నీడ గోడకే అతుక్కుపోయింది. తమాలే ఊరి మీద ఆకాశం తెల్లగా, మబ్బంటే ఏమిటో మరిచిపోయినట్టు.

ఫులేరా కారులో కూర్చుని ఉంది. నాలుగు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. ఒళ్లో తడిగుడ్డ. వేలు ఏసీ మీట మీద.

ఎదురుగా, లేపిన బానెట్ వెనక ఆమె భర్త నాపారి. పేటలో కార్ల కరెంటు పని ఏదైనా అతనిదే. అందరూ మాస్టర్ అంటారు. ఆమె కూడా అలాగే పిలుస్తుంది — కొంచెం వెక్కిరింతగా, కొంచెం ముద్దుగా.

నొక్కమంటాడు. నొక్కుతుంది. గాలి వస్తుంది, వేడిగాలి. ఇద్దరూ చెవులు రిక్కిస్తారు. కంప్రెసర్ పట్టుకుంటే టక్కుమని ఒక చప్పుడు రావాలి. చిన్న చప్పుడే. ఎండుకాయ నేల మీద రాలినంత.

రాదు.

మళ్లీ నొక్కమంటాడు.

రాదు.

రాకపోతే బాగుండును... అనుకుంటుంది ఫులేరా. అనుకున్నందుకు తడిగుడ్డను మెడకేసి గట్టిగా అదుముకుంటుంది.

షియా గింజల నూనె కాగుతున్న కుండ ఆమె మీదికి ఒరిగి రెండు వేసవులైంది. చేతులు, ఛాతీ, వీపు, మెడకి ఒక పక్క కాలాయి. తొడ చర్మం తీసి అక్కడ అతికారు. అతికిన చర్మం బతికింది. బతికింది కానీ దానికి చెమట పట్టదు. లోపలి వేడికి బయటికి దారి లేదు. నిరుడు సంతలో, దుంపల కుప్పల మధ్య, ఆమె ఉన్నట్టుండి కూలబడిపోయింది.

అప్పటినుంచి పొద్దెక్కాక గడప దాటదు.

ఎందుకని ఎవరూ అడగరు. ఎండ. అందరికీ తెలిసిన ఎండ. వాదించడానికి వీల్లేని ఎండ.

ఎండ నిజమే. ఎండ వెనక ఇంకొకటి ఉంది. అది ఆమెకొక్కదానికే తెలుసు. మనుషుల చూపు మెడ దాకా వచ్చి, ఆగి, గభాలున వెనక్కి పోతుంది. ఆ పోవడం. వచ్చే చూపును ఓర్చుకోవచ్చు. పారిపోయే చూపును ఎలా ఓర్చుకోవడం?

రేపు యెండి ఊళ్లో చెల్లెలు మెమునా కూతురికి పేరు పెడతారు. బట్టలూ బిడ్డ కబుర్లూ అన్నీ అయ్యాక, ఫోనులో మెమునా గొంతు తగ్గించి ఒక్క మాట అడిగింది.

"మంగలి వంజం గుండు గీయడానికి కత్తి తీసేసరికి బిడ్డ నీ ఒళ్లో ఉండాలక్కా. నువ్వు రాకపోతే నా ఒళ్లోనే ఉంచుకుంటా. ఇంకెవరికీ ఇవ్వను."

నడివాకిట్లో. పట్టపగలు. ఊరి ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి ఉండగా.

ఇవాళ బయల్దేరాలి. యెండి దాకా దారంతా ఎండే. కారు చల్లబడితే వెళ్లాలి. చల్లబడకపోతే... ఎండ.

ఒక చిన్న చప్పుడు మీద అంతా ఆగి ఉంది.

నాపారి ఫ్యూజు తీసి వెలుగుకి పట్టి చూశాడు. బాగుంది. హారన్ రిలే పీకి ఏసీ రిలే దాని చోట గుచ్చి, హారన్ కొట్టాడు. కారు బొబ్బరించింది. వేపచెట్టు కింద మేకలు ఎగిరి గోడవతల పడ్డాయి. రిలే కూడా బాగుంది.

గోడవతల టైర్లకి పంక్చర్లు వేసే సుగ్రి తల పైకెత్తాడు.

"ఊరందరి కార్లకీ చలి పుట్టిస్తావు మాస్టర్. నీ కారుకే చెమటలేంటి?"

చెమట అన్న మాట దగ్గర సుగ్రికే నాలుక కరుచుకున్నట్టయింది. చూపు కారు మీదికి వచ్చింది. గభాలున వెనక్కి పోయింది.

ఫులేరా చూసింది.

గ్యాసు ఒత్తిడి చూసే మీటను దాటించి తీగముక్కతో నేరుగా కలిపాడు నాపారి. నొక్కమన్నాడు. రాలేదు. చివరికి కంప్రెసర్ దగ్గరి తీగ ఊడదీసి టెస్ట్ ల్యాంప్ మొన ఆనించాడు. బల్బు భగ్గున వెలిగింది.

కరెంటు గుమ్మం దాకా వచ్చింది. లోపలివాళ్లు లేవడం లేదు.

అతను చేతులు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం ఆమెకి తెలుసు. ఇక చెయ్యడానికేం లేనప్పటిది.

"లోపల కాయిల్ పోయింది. కుమాసీ నుంచి తెప్పించాలి. రేపటికి కాదు."

"పోనీలెండి మాస్టరూ. మెమునాకి నేను చెప్పుకుంటాను."

మాట ఎంత తేలిగ్గా వచ్చింది! దాని తేలిక ఆమెకే వినబడింది. నాపారి వంగి, బానెట్ సందులోంచి ఆమె ముఖం చూశాడు.

లోపల ఏదో చల్లబడింది. బతికిపోయాను, అనుకుంది. ఎవరి నుంచి?

అప్పుడు ఆమె కళ్లు ఆ సందులోనే ఆగిపోయాయి. బానెట్ లోపల కూడా పచ్చగా ఉంది. లేత వేపాకు పచ్చ.

ఆ రంగు ఆమె ఎంచుకున్నదే. సముద్రం దాటి వచ్చిన పాత కారుకి పండగ ముందు రంగు కొట్టించడం ఇక్కడి రివాజు. పండగనాడు పెద్దలొచ్చి బానెట్ ఎత్తి చూస్తారు మరి. అందుకే లోపలా బయటా, మేకుకీ మరకీ కూడా కొట్టిస్తారు. పొడిగాలి వీచే చలికాలంలో కొట్టించారు. ఆ చలిలో ఏసీ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

పెళ్లయిన కొత్తలో అతనికి కొట్టు లేదు. చెట్ల కింద పని. టెస్ట్ ల్యాంప్ రెండో తీగ ఆమే పట్టుకునేది. కరెంటు ముందుకి వెళ్తే చాలదు, తిరిగి రావాలి — అప్పుడు అతను నేర్పిన మొదటి మాట.

నోరు మూసుకుంటే చాలు. ఎండ. అందరికీ తెలిసిన ఎండ.

వేపచెట్టు కదలలేదు. మేకలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

"మాస్టరూ... ల్యాంపు రెండో తీగ ఎక్కడ తగిలించారు?"

"బ్యాటరీకి. ఇంకెక్కడ తగిలిస్తారు?"

"కంప్రెసర్ రెండో తీగ బ్యాటరీకి పోదుగా. బండి ఒంటికి పోతుంది. ఆ ఒంటికి మనం రంగేశాం, కరెంటుకి అడ్డంగా."

నాపారి ఆ రెండో తీగ వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత కిందికి వంగాడు. తీగ కొసని బండి ఒంటికి పట్టి ఉంచే బోల్టు, రంగు మేస్త్రీ విప్పి తిరిగి బిగించింది. దాని కిందా, మరలోనూ, తీగ కొస చుట్టూ దళసరిగా పచ్చదనం. అందంగా ఉంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య అందం.

గోడవతల సుగ్రి మెల్లిగా అన్నాడు, మాస్టర్‌కి మాస్టర్ దొరికిందని.

నాపారి కత్తితో గీకాడు. పచ్చపొరలు రాలాయి. గరుకుకాగితంతో రుద్దాడు. పచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద బూడిద, బూడిద కింద... తెల్లగా, పచ్చి గాయంలా మెరిసే ఇనుము. దాచిందేమీ లేని ఇనుము. తీగని దాని మీద ఆనించి బిగించాడు.

ఈసారి అతను నొక్కమనలేదు.

ఆమే నొక్కింది.

టక్.

ఇంజను ఒక్కసారి కుంగి, బరువెత్తుకున్నట్టు గొంతు మార్చుకుంది.

తలుపులు మూశారు. చల్లదనం వచ్చింది. అతికిన చర్మం దాన్ని పోల్చుకోలేదు. మెడకి రెండో పక్క, తనదైన చర్మం మీద రోమాలు లేచాయి. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఆమెకి మొదటిసారి కచ్చితంగా తెలిసింది.

మధ్యాహ్నానికి నాపారి గేటు తీశాడు. కారు వీధిలోకి వచ్చింది. తలల మీద గంగాళాలతో వెళ్తున్న ఆడవాళ్లు ఆగారు. పచ్చకారు. మూసిన అద్దాలు. ఒకామె వంగి లోపలికి చూసింది. పెదాలు కదిలాయి. ఫులేరాయేనా, అంటోంది కాబోలు.

చూపు మెడ దాకా వచ్చింది.

ఆగింది...

ఫులేరా అద్దం దించసాగింది. వేడి లోపలికి వచ్చి, ఆమె పక్కన కూర్చుంది.