టెంకాయ లేచిన కారు

కారు కొనేది వనజాక్షి. డబ్బు ఆమె జీతంలోది. రోజూ కదిరి నుంచి తనకల్లు హైస్కూలుకు పోయి పాఠాలు చెప్పి రావాల్సిందీ ఆమే. అయినా ఆ ఆదివారం కారు చూడడానికి బయలుదేరిన మందలో ఆమె అందరికంటే వెనక నడిచింది. ముందు మామ ఎర్రన్న, తలగుడ్డ సవరించుకుంటూ. ఆయన పక్కన మొగుడు విష్ణువర్ధన్, మడత నలగని తెల్ల చొక్కాలో. వాళ్ల వెనక, చంకలో టెంకాయ పెట్టుకొని రామప్ప.

రామప్పది నీళ్లు చూసే పని. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకొని చేనంతా తిరుగుతాడు. అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు వేయాలి. ఎర్రన్న చేలో అది చాలాసార్లు లేచి నిలబడింది. నిలబడిన చోటల్లా బోరు వేశారు, వేసిన చోటల్లా తెల్లటి రాతిపొడి వచ్చింది. ఒక్కటి మాత్రం మొదటి రోజు ఆకాశానికి నీళ్లు చిమ్మింది. ఊరంతా వచ్చి పసుపు కుంకుమ చల్లి దణ్ణం పెట్టి పోయారు. వారం తిరిగేసరికి అది దగ్గడం మొదలుపెట్టింది, ఆ తర్వాత దగ్గడం కూడా మానేసింది. ఇంత జరిగినా ఆ ఇంట్లో రామప్ప మాటకు తిరుగులేదు. బోరు ఎండితే తప్పు భూమిది. రామప్పది కాదు, టెంకాయది అసలే కాదు.

"కారుకు రామప్పతో ఏం పని?" అని పొద్దున వనజాక్షి అడిగింది.

"కరెంటు బండి కదే. లోపలుండే శక్తి కంటికి కనపడతాదా? భూమిలో నీళ్లు కనపడతాండాయా? అదీ అంతే," అన్నాడు విష్ణువర్ధన్, పెద్ద రహస్యం కనిపెట్టినవాడిలా. రెండుసార్లు సర్పంచికి నిలబడి రెండుసార్లూ ఓడిపోయి, తన స్థాయి ఎమ్మెల్యేదని తేల్చుకున్న మనిషి. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు, ఓట్లు వేసేవాళ్లు తప్ప.

ఇంట్లో ఒక పెద్ద డీజిల్ బండి ఉంది. అది విష్ణువర్ధన్ రాజకీయానికి. పెళ్లిళ్లకూ చావులకూ పంచాయితీలకూ పోగా, మనసు బాగున్న పొద్దున ఆమెను తనకల్లులో దించుతాడు. మనసు బాగాలేకపోతే ఆమెకు బస్టాండే గతి. ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసే కాలం వచ్చింది. బస్సు ఆలస్యమైందని చెబితే హెడ్‌మాస్టరైనా వింటాడు, ఫోను వినదు. తన పొద్దు తన చేతిలో ఉండాలని, ఎవరి మనసు ఎలా ఉందో చూసుకోకుండా తాళం తీసుకొని వెళ్లిపోవాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. అందుకోసమే మొహమాటం వదిలేసి, కుర్రకారు మధ్య డ్రైవింగు నేర్చుకుంది.

ఏ కారు కొనాలో కూడా ఆమెకు తెలుసు. అదే స్కూల్లో సైన్సు చెప్పే ఎలిజబెత్ మేడంకు చిన్న కరెంటు కారు ఉంది. ఆమెదీ కదిరే. త్వరలో రిటైరై కొత్తచెరువులో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది, కారు అమ్మేస్తానంది. రంగు వెలిసింది, లోపల హంగులేమీ లేవు. కానీ ఇంట్లో మెల్లగా ఛార్జి పెట్టుకుంటూ పదిలంగా వాడినది. తనకల్లుకు పోయి వచ్చినా సగం పైనే మిగులుతుంది.

"పాత కరెంటు కారుకు పెయింటు చూడొద్దండి మేడం," అని ఎలిజబెత్ చెప్పింది. "నిండా ఛార్జి పెట్టి, మనం రోజూ పోయే దోవలోనే పోయి రావాల. ఇల్లు చేరినాక ఎంత మిగిలిందో చూస్తే దాని వయసు తెలిసిపోతాది."

వనజాక్షి ఆ కారు మాట ఇంట్లో ఎత్తింది. ఎర్రన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎవురూ, ఆ కాలనీ టీచరమ్మదా? వాళ్లు కూర్చుండి తిరిగిన బండిలో మనం కూర్చుండేదా?"

అంతటితో ఆ మాట అయిపోయింది. వనజాక్షి వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ దబదబా ఎత్తి పెట్టింది. మూర్ఖులు, ఒట్టి మూర్ఖులు అని తిట్టుకుంది. పైకి మాత్రం అనలేదు.

అలా వాళ్లు కేశవ దగ్గర తేలారు. బైపాసు పక్కన రేకుల షెడ్డు వేసుకొని పాత కార్లు అమ్ముతాడు. షెడ్డు ముందర తెల్లటి పొడవాటి కారు, నూనె రాసి దువ్విన తలలా మెరుస్తూ ఉంది.

"బెంగుళూరు బండన్నా. సాఫ్ట్‌వేరాయనది, ఒకే చెయ్యి," అన్నాడు కేశవ. "ఆదివారం గుడికి పోయేదానికి తీసేవాడు, అంతే."

వనజాక్షి తలుపు తెరిచి చూసింది. డ్రైవరు పక్క సీటు కొత్తదిలా ఉంది. వెనక సీటు మాత్రం అరిగి, మూలలు పిగిలి ఉంది. వెనక అద్దం మీద ఏదో స్టిక్కరు గీకేసిన జిగురు. సాఫ్ట్‌వేరాయన భక్తి గొప్పదే. వెనక సీట్లో కూర్చొని, రకరకాల మనుషుల రూపంలో గుడికి పోయేవాడన్నమాట.

"కేశవా, ఇది బాడుగకు తిరిగిన బండి. రోజూ ఫాస్ట్ ఛార్జింగులో పెట్టి పెట్టి పీల్చి పారేసినారు. బ్యాటరీ రిపోర్టు ఉండాదా?"

"ఉండాదక్కా, ఆఫీసులో ఉండాది," అన్నాడు కేశవ. ఆఫీసు అంటే ఆ షెడ్డులో ఒక బల్ల, బల్ల మీద పోయిన ఏడాది క్యాలెండరు.

ఎర్రన్న ఇవేవీ వినలేదు. ఎద్దు మూపురం తట్టినట్లు కారు వీపు తట్టాడు. చక్రాన్ని కాలితో తన్నాడు. బానెట్ ఎత్తించి లోపలికి తొంగిచూశాడు.

"ఇంజను యాడుండాదిరా?"

"దీనికి ఇంజను ఉండదు పెద్దన్నా."

"ఇంజనే లేకుంటే ఇంక చెడిపోయేదేముండాది!" అని ఆయన తృప్తిపడ్డాడు.

ఇక రామప్ప వంతు. చెప్పులు విడిచి, కళ్లు మూసుకొని, అరచేతిలో టెంకాయతో కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. డిక్కీ దగ్గర టెంకాయ కదలలేదు. తలుపుల దగ్గర కొంచెం వణికింది. బానెట్ దగ్గరికి రాగానే నిటారుగా లేచి నిలబడింది. కేశవ రెండు చేతులూ జోడించాడు. పాపం, అంత సులువుగా ఏ కారూ అమ్ముకొని ఉండడు.

"చూసినావా! లోపల శక్తి పొంగుతాండాది!" అన్నాడు విష్ణువర్ధన్.

వనజాక్షి చూసింది. టెంకాయ లేచే ముందు రామప్ప బొటనవేలు కదలడం చూసింది. పెళ్లై వచ్చిన ఏడాది నుంచీ చేలో చూస్తూనే ఉంది.

"అంత శక్తి ఉంటే ఇప్పుడే తనకల్లుకు పోయొద్దాం పదండి," అంది. "పోయి ఛార్జి పెట్టకుండా తిరిగొస్తే, నేను మారుమాట్లాడను. ఇదే కొంటా."

విష్ణువర్ధన్‌కు ఆ మాట నచ్చింది. తనకల్లులో నలుగురికీ కారు చూపించవచ్చు. అందరూ ఎక్కారు. తెరమీద ఛార్జి నిండా నూరు చూపిస్తోంది. ఏసీ చివరికంటా తిప్పారు. స్టీరింగు విష్ణువర్ధన్‌ది, పక్క సీటు మామది. వెనక పిగిలిపోయిన సీటులో కేశవకూ రామప్పకూ చోటివ్వడానికి వనజాక్షి తలుపుకు అతుక్కుపోయింది. తెరమీద ఆ అంకె మేకలు మేసినట్లు తగ్గిపోతూ ఉంటే, ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. చెబితే వినేవాళ్లు ఆ కారులో ఎవరూ లేరు.

తనకల్లు కూడలిలో విష్ణువర్ధన్ హారను కొట్టి, అద్దం దించి, టీ అంగడి దగ్గరున్న వాళ్లందరికీ నమస్కారాలు పెట్టాడు. తిరుగుదోవలో ఒక ఎత్తు ఎక్కుతుండగా తెరమీద తాబేలు బొమ్మ వెలిగింది.

"అదేం బొమ్మప్పా?" అన్నాడు ఎర్రన్న.

"అదీ... బండి పొదుపుగా పోతాండాదని పెద్దన్నా," అన్నాడు కేశవ.

తాబేలు కూడా ఎక్కువసేపు నడవలేదు. వేరుశనగ చేల మధ్య, చెట్టు నీడ కూడా లేని చోట కారు ఆగింది. మెకానిక్కును పిలుచుకొస్తానని కేశవ దోవన పోయే మోటారుసైకిలు ఎక్కాడు. మళ్లీ కనపడలేదు. విష్ణువర్ధన్, రామప్ప కారును పక్కకు నెట్టసాగారు. తెల్ల చొక్కా వీపుకు అంటుకుపోయింది. అటుగా పోయే బస్సులోంచి ఎవరో "ఏమన్నా, పాదయాత్రనా?" అని కేకేశారు. బస్సంతా నవ్వింది. వనజాక్షి కూడా కొంగు అడ్డం పెట్టుకొని కడుపారా నవ్వుకుంది. ఆ తర్వాత ఎలిజబెత్ మేడంకు ఫోను చేసింది.

ఆమె చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోలేదు. ఆ చీరతోనే చిన్న కారు వేసుకొని వచ్చింది. ఆ ఎండలో ఇది ఎవరి బండి, ఎవరు కూర్చున్న సీటు అని ఎవరూ అడగలేదు. ఎర్రన్న అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నాడు. ఏసీ గాలికి చొక్కా గుండీలు విప్పి, తలగుడ్డ ఒళ్లో పెట్టుకున్నాడు. కారు కిక్కురుమనకుండా ఎత్తులెక్కింది, దిగింది. కదిరి దగ్గర పడుతున్నా తెరమీద అంకె ధీమాగా ఉంది.

"పరవాలేదే. చిన్నదైనా చల్లగా పోతాండాది," అన్నాడు ఎర్రన్న, వెనక్కి తిరిగి. "ఇదే తీసుకుందాంలేరా."

వనజాక్షి గుండె ఎగిరి గంతేసింది. రేపో ఎల్లుండో ఈ తాళం తన చేతిలో ఉంటుంది.

"అట్లే నాయనా," అన్నాడు విష్ణువర్ధన్. "అయ్యవారిని పిలిపించి గోమూత్రం చల్లిపిస్తా. ఈ సీటు కవర్లు పీకి పారేసి కొత్తవి ఏపిస్తా. అప్పుడింక ఏ దోషమూ ఉండదు."

గొంతు కూడా తగ్గించలేదు. బండి నడుపుతున్న మనిషికి చెవులు ఉంటాయని అతనికి తోచినట్లే లేదు. ఎలిజబెత్ లోపలి అద్దంలోంచి వనజాక్షి వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో ఒక మాట వస్తుందని ఎదురుచూస్తున్నట్లు చూసింది.

వనజాక్షికి మాటలు లేక కాదు, నోటినిండా ఉన్నాయి. కానీ ఇప్పుడు నోరు విప్పితే, ఇప్పుడే ఒప్పుకున్న ఈ ఇద్దరూ మళ్లీ అడ్డం తిరుగుతారు. ముందు కారు ఇంటికి రానీ, ఆ తర్వాత గోమూత్రం ఎలా చల్లుతారో చూస్తాను అనుకుంది. తల తిప్పి కిటికీలోంచి ఎండిన చేలు చూడసాగింది. అద్దంలో ఆ కళ్లు కాసేపు అలాగే ఉండి, రోడ్డు మీదికి మళ్లాయి.

ఇంటి ముందు దిగేటప్పుడు "రేపు మాట్లాడుకుందాం మేడం," అంది వనజాక్షి.

"సరే మేడం," అంది ఎలిజబెత్.

మర్నాడు విష్ణువర్ధన్‌కు మనసు బాగాలేదు. వనజాక్షి బస్టాండు బయట నిలబడి గడియారం చూసుకుంటూ ఉంటే, చిన్న కారు వచ్చి ఆమె ముందు ఆగింది. ముందూ వెనకా ఎర్రటి ఎల్ బోర్డులు. స్టీరింగు ముందు ఎస్తేరు కూర్చొని ఉంది. తనకల్లు ఆసుపత్రిలో నర్సు. ఎర్రన్న చేలో కూలికి వచ్చే నల్లమ్మ కూతురు. చిన్నప్పుడు తల్లి వెంట వేరుశనగ పీకడానికి వచ్చి, వనజాక్షి పైనుంచి పోసే నీళ్లు దోసిలి పట్టుకొని తాగిన పిల్ల. పక్కన ఎలిజబెత్ మేడం.

"మేడం, కారు సంగతి..." అంది వనజాక్షి.

"ఎస్తేరుకు ఇచ్చేసినా మేడం. నిన్న సాయంత్రమే." ఎలిజబెత్ చెయ్యి వెనక్కి చాపి తలుపు తెరిచింది. "ఎక్కండి. బస్సు ఎప్పుడొస్తాదో ఏమో. గోమూత్రం అయితే ఇంకా చల్లలేదు, మీకు పరవాలేదు కదా?"

ఎస్తేరు నవ్వలేదు. రోడ్డు వైపే చూస్తూ ఉంది. హాజరు వేళ దగ్గర పడుతోందని వనజాక్షి చేతిలో ఫోను మోగింది. చెప్పాల్సిన మాట ఒక్కటీ ఆమె నోటికి రాలేదు. నిన్న అన్నీ వచ్చాయి, నిన్న అనలేదు. సిగ్గుతో ముఖం మండిపోతుండగా వెనక సీట్లోకి ఎక్కి, మొగుడు పీకి పారేస్తానన్న కవరు మీద ఒదిగి కూర్చుంది.

"తలుపు సరిగ్గా పడలేదమ్మా, ఇంకోసారి ఏయండి," అంది ఎస్తేరు.

వనజాక్షి తలుపు మళ్లీ వేసింది.