లిఫ్టులో సగం చెప్పిన కథ

మూడో అంతస్తు దాటిన లిఫ్టు ఒక్కసారి వణికింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. పెద్ద దీపం ఆరి, మూలనున్న చిన్న బ్యాటరీ లైటు వెలిగింది.

లోపల ఇద్దరే ఉన్నారు. ఒకాయన కూతురి పెళ్ళి మాట తేల్చడానికి వచ్చిన తండ్రి. రెండోవాడు ఆ కూతురు మనసుపడ్డ కుర్రాడు; ఫోన్ పైనే వదిలి ఆయన్ని తీసుకెళ్ళడానికి కిందికి వచ్చాడు.

తండ్రి వద్దని చెప్పడానికే వచ్చాడు. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. "నాయనా, నీమీద నాకేం కోపం లేదు, కానీ..." పై అంతస్తులో కుర్రాడు పనిచేసే స్టూడియోలో టీ తాగి, కప్పు కింద పెట్టి మరీ చెబుదామనుకున్నాడు. పరాయి భాష కార్టూన్లకి మన భాషలో గొంతు ఇవ్వడం ఆ కుర్రాడి ఉద్యోగం. బొమ్మలకి గొంతు అద్దెకిచ్చేవాడు రేపు నా పిల్లకి ఏమిస్తాడు? ఇదీ ఆయన ప్రశ్న.

కూతురు పోట్లాడి ఉంటే ఆయన పని సులువయ్యేది. అమ్మడు పోట్లాడలేదు. "నువ్వు చూసి రా నాన్నా. నువ్వు వద్దంటే ఇంక ఆ మాటెత్తను" అని బరువంతా ఆయన నెత్తిన పెట్టి, తను చక్కగా ఆఫీసుకి వెళ్ళిపోయింది.

"కంగారు పడకండి సార్" అన్నాడు కుర్రాడు.

"కంగారా? నాకా? ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టు మెకానిక్‌నయ్యా నేను!"

అది నిజమే. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతిమీదుగా నడిచినవే. జేబులోంచి ఫోన్ తీసి శిష్యుడికి కొట్టాడు. శిష్యుడంటే చిన్నవాడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి.

"ఐదు నిమిషాలు గురువుగారూ! వచ్చేస్తున్నా!" అన్నాడు శిష్యుడు. ఆ వెంటనే చార్జి అయిపోయి ఫోన్ ఆరిపోయింది.

 ఆ ఐదు నిమిషాల మంత్రం గురువుగారు నేర్పిందే. లోపల ఇరుక్కున్నవాళ్ళకి ఎప్పుడూ ఐదు నిమిషాలనే చెప్పాలిరా, నిజం చెబితే తలుపులు బాదేస్తారు అని ఆయనే అన్నాడు. శిష్యుడు ఊరి అవతలి కొసన ఉన్నాడు. ఇక్కడికి రావాలి. డాబా మీది మోటారు గది తాళం ఎవరి దగ్గరుందో వెతకాలి. బ్రేకు వదిలి చేత్తో చక్రం తిప్పాలి.

పైగా ఆయన పనంతా లిఫ్టుకి పైనా పక్కనా. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లోపల చిక్కుకోలేదు. పాములవాణ్ణి బుట్టలో పెట్టి మూత వేసినట్టయింది. చొక్కా గుండీ విప్పాడు. రెండోదీ విప్పాడు. గాలి ఆడుతూనే ఉంది, ఆయనకి మాత్రం ఆడటం లేదు. చివరికి తలుపు సందులో వేళ్ళు దూర్చి లాగబోయాడు. జీవితమంతా ఊరందరినీ తిట్టి మాన్పించిన పని అది.

కుర్రాడు మెల్లగా ఆ చేతులు పట్టుకుని వెనక్కి తీశాడు. "కూర్చుందాం సార్. ఓ కథ చెబుతాను. ఇప్పుడు మేం గొంతులిస్తున్న సీరియల్."

"బొమ్మల కథా?"

"బొమ్మలదే. కానీ చచ్చిపోతారు."

తండ్రి కూర్చున్నాడు.

కుర్రాడు మొదలుపెట్టాడు. అదో కంప్యూటర్ ఆట. నెత్తిన టోపీలాంటిది పెట్టుకుంటే చాలు, ఆటలోని కోటలో కళ్ళు తెరుస్తారు. ఒకరోజు కోట గుమ్మం మాయమైంది. ఆట కట్టినవాడు ఆకాశంలోంచి చెప్పాడు: గెలిచినవాడే బయటికి వెళ్ళేది, ఇక్కడ చచ్చినవాడు ఇంట్లో మంచం మీద కూడా చస్తాడు. ఆ ముక్క కుర్రాడు పాతాళంలోంచి వచ్చినట్టు చెబితే లిఫ్టు గోడలు గుయ్‌మన్నాయి.

"ఆ టోపీ పీకేస్తే?"

"పీకితే ప్రాణం పోతుంది సార్."

"మెయిన్ స్విచ్ కట్టేస్తే?"

"అందరూ పోతారు."

తండ్రికి ఒళ్ళు మండింది. "ఎవడయ్యా కట్టాడా సిస్టమ్? ఎమర్జెన్సీ తలుపు ఒక్కటీ లేకుండానా? దానికి తనిఖీ చేసి సంతకం పెట్టిన సన్నాసెవడు?"

"ఆ సంగతి కథలో రాలేదు సార్."

"రావాలి! సరే, నువ్వెవరు అందులో? హీరోవా?"

"కాదండీ. నేను చచ్చిపోయేవాణ్ణి. ఇప్పటిదాకా చచ్చినవాళ్ళలో సగం మంది నేనే." కుర్రాడు బాణం తగిలి ఒకసారి, కొండ మీంచి జారి ఒకసారి, నీళ్ళలో మునిగి ఒకసారి చచ్చి చూపించాడు. తండ్రికి నవ్వాగలేదు.

"ఇన్నిసార్లు చచ్చేవాడికి పిల్లనెవరిస్తారయ్యా!" అనేశాడు. అని నాలిక్కరుచుకున్నాడు.

కుర్రాడు విననట్టే కథలోకి వెళ్ళాడు. కోటలో ఒక చెల్లెలుంది. దానికి ఆటలంటే గిట్టదు. అన్న ఎంత పిలిచినా భోజనానికి లేవడం లేదని, లోపలికెళ్ళి చెవి పట్టుకుని లాక్కొద్దామని టోపీ పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే గుమ్మం మాయమైంది. కత్తి పట్టడం రాదు. అన్న ఎక్కడున్నాడో తెలీదు.

"అయ్యో పిచ్చితల్లీ" అన్నాడు తండ్రి.

తిరిగి తిరిగి చివరికి అన్న దొరికాడు. ఇద్దరూ పరుగెత్తారు. చివరి గేటు కిందికి దిగుతోంది. అన్న ఆ గేటు కింద భుజం పెట్టి...

బ్యాటరీ లైటు ఆరిపోయింది. చిమ్మచీకటి. ఆ లైటు ఎంతోసేపు రాదని తండ్రికి ముందే తెలుసు.

కానీ కుర్రాడి గొంతు కూడా ఆగిపోయింది.

"అబ్బాయ్?"

 రొప్పుతున్న ఊపిరి వినిపించింది.

"ఏమైందయ్యా?"

"మామయ్యా..." సార్ అన్న మాట ఎక్కడ పోయిందో. "నాకు చీకటంటే భయం. స్టూడియోలో ఎప్పుడూ తెర వెలుగుతుంటుంది. ఇలా... గొంతు రావట్లేదు."

తండ్రి చీకట్లో తడిమి వాడి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా, చెమటతో ఉంది. విచిత్రం, తన కంగారు ఎప్పుడు పోయిందో ఆయనకే తెలీదు. లోపలున్నవాణ్ణి మౌనంగా వదలకూడదు, మాట్లాడిస్తూనే ఉండాలి. శిష్యుడికి నేర్పినవాటిలో ఇది మాత్రం అబద్ధం కలవని పాఠం.

"గేటు కింద భుజం పెట్టాడు. తర్వాత?"

"నావల్ల కాదు మామయ్యా."

"ఆ వేషాల గొంతులు నాకొద్దులే. నీ గొంతుతో చెప్పు. చెల్లెలు ఏమంది?"

చీకట్లో ఒక సన్నని గొంతు లేచింది. కొంచెం బొంగురు. అక్కడక్కడా తడబాటు. రాక్షసుడు లేడు, వీరుడు లేడు. ఒక మామూలు కుర్రాడు, ఒక చెల్లెలు అన్నని ఒంటరిగా వదిలి వెళ్ళనంటున్న సంగతి చెబుతున్నాడు. ఇంట్లో గోడవతల గదిలో అమ్మడు ఫోన్ చెవిన పెట్టుకుని ఇన్నాళ్ళూ నవ్వుకుంటున్నది ఈ గొంతు విని అన్నమాట, అనుకున్నాడు తండ్రి. ఆ గొంతు ఎంతసేపు చెప్పిందో ఆయన చూసుకోలేదు. సిద్ధం చేసుకున్న మాటలు గుర్తుకే రాలేదు.

లిఫ్టు కదిలింది. కొంచెం కొంచెంగా పైకి జరిగి ఆగింది. తలుపు తెరుచుకుని వెలుగు పడింది. గుమ్మం వాళ్ళ నడుము ఎత్తున ఉంది. పైన శిష్యుడు, వాడి వెనక, శిష్యుడు ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చిన అమ్మడు.

"మెయిన్ కట్టావా?" అని కేకేశాడు గురువు.

"కట్టాను గురువుగారూ! చెయ్యివ్వండి!"

"ముందు వీణ్ణి లాగు."

తన చేతిసంచి పైకి శిష్యుడికి అందించి, మోకాలు వంచి కుర్రాడి కాలికి ఆసరా ఇచ్చి పైకి ఎక్కించాడు. కుర్రాడు ఎక్కీ ఎక్కగానే వెనక్కి తిరిగి, నేలమీద బోర్లా పడుకుని ఆయనకి చెయ్యందించాడు.

అమ్మడు నాన్నని పక్కకి లాగింది. ముఖం పాలిపోయి ఉంది. "నాన్నా, వద్దని చెప్పేశావా?"

"నన్నెక్కడ చెప్పనిచ్చాడు? వాడే చెబుతున్నాడు."

"అది కాదు నాన్నా..."

"ఉండవే! గేటు దిగిపోతోంది అక్కడ." ఆయన కుర్రాడి వైపు తిరిగాడు. "ఆ పిల్ల బయటపడిందా లేదా?"

కుర్రాడు ఇబ్బందిగా నిలబడ్డాడు. "అది ఇంకా టీవీలో రాలేదండీ. బయటివాళ్ళకి చెప్పబోమని స్టూడియోలో మాటిచ్చాం."

"బయటివాళ్ళకి కదా?" తండ్రి వాడి భుజం మీద చెయ్యి వేసి మెట్ల వైపు నడిపించాడు. "ఇంట్లోవాళ్ళకి చెప్పొచ్చులే. పద, దిగుతూ చెబుదువుగాని."

కుర్రాడికి ఆ మాట అందడానికి నాలుగు మెట్లు పట్టింది. అమ్మడికి ఒక్క మెట్టూ పట్టలేదు. శిష్యుడి చేతిలో నాన్న సంచి లాక్కుని, వాళ్ళ వెనకాలే పరుగెత్తింది.