ఫిన్లాండులో చెరువు కట్టలు

“నేత్రా, నీ షీట్లే ఇంక అందరికీ మాదిరి. రేపటి నుంచి నువ్వే టీమ్ లీడరు,” అని మా ఆఫీసు శ్రీనివాసమూర్తి సార్ ఫోన్లో చెప్పేటప్పటికి నా చేతుల నిండా ఒబ్బట్ల పూర్ణం. ఇంటికంతా ఒకటే సెల్లు. దాన్ని నా చెవికి ఆనించి పట్టుకున్నది మా ఆయన రవీంద్ర. పెళ్ళయి నెల కాలేదు. ఇలాంటి చిన్న పనికి కూడా ఆయన విత్తనాల అంగడి వదిలేసి ఇంట్లోకి పరిగెత్తుకొస్తాడు. నాకది ఎంత బాగుంటుందో!

“శృతి షీటు రేపు మొత్తం తుడిపించేస్తా. నీది చూసి మళ్ళీ గీస్తుంది,” అన్నాడు సార్. అది కూడా విన్నాను. విని నవ్వుతూనే ఉన్నాను.

“ఏమంటమ్మా?” అంది మా అత్త సుజాతమ్మ. చెప్పాను. పెనం మీద నుంచి తీసిన మొదటి ఒబ్బట్టు దేవుడికి పెట్టకుండా నా నోట్లో పెట్టింది.

మా మామ పిళ్ళప్ప అప్పటికే వీధిలో ఉన్నాడు. “మా కోడలు ఫిన్లాండు దేశానికి పటం గీస్తాంది! బాగేపల్లి నుంచి!”

బాగేపల్లి నుంచి కాదు. రోజూ బస్సులో చిక్కబళ్ళాపురం పోయి, బస్టాండు వెనక బట్టలంగడి మిద్దె మీద గీస్తాను. బెంగళూరు కంపెనీ ఒకటి అక్కడ చిన్న ఆఫీసు తెరిచింది. వేల ఏళ్ళ కిందట ఆ దేశాన్ని మైళ్ళ మందాన మంచు కప్పేసి ఉండేది. అది కదులుతూ నేలను గీరింది, కరిగిపోతూ మన్నూ రాళ్ళూ వదిలింది. అలా మిగిలిన దిబ్బలను శాటిలైట్ ఫోటోల్లో వెతికి, కంప్యూటర్లో గీతలు గీయడం మా పని. మనుషులు కట్టినవి మాత్రం గీయకూడదు.

బోర్లించిన గరిటెల్లాంటి దిబ్బలు ఉంటాయి. అన్నీ ఒకే దిక్కుకు తోకలు పెట్టుకుని పడుకుంటాయి. వాటిని గీస్తుంటే ముగ్గేసినంత సంతోషం. కానీ నా వంతుకొచ్చిన పటం ముక్కలో, అదే నా షీట్లో, ఇంకో రకం కూడా కనబడ్డాయి. సన్నగా, పొడుగ్గా, వంకర్లు తిరుగుతూ, పక్కనే నీళ్ళు. చూడగానే నవ్వొచ్చింది. మన చెరువు కట్టలే! పుట్టినప్పటి నుంచి చూస్తున్నవి నాకు తెలియవా? ఒక్కటీ గీయకుండా వదిలేశాను.

నా పక్క షీటు చింతామణి నుంచి వచ్చే శృతిది. ఆమె వాటిని గీసింది. రెండూ జత చేస్తే ఆమె గీతలన్నీ నా అంచు దగ్గరికొచ్చి తెగిపోయాయి.

“ఇవి మంచు వదిలినవే నేత్రా. ట్రైనింగులో చెప్పినారు. నువ్వప్పుడు పెళ్ళికి రజా పెట్టింటివి గదా. రా, చూపిస్తా.”

“ఆ ట్రైనింగు పేపర్లన్నీ చదివేసినాలే,” అన్నాను.

చదవలేదు. పేపర్లు నా బ్యాగులో పెళ్ళి ఫోటోల కవరు కింద ఉన్నాయి.

మూర్తి సార్‌ది శిడ్లఘట్ట పక్క పల్లె. ఆ ట్రైనింగుకు ఆయనా కూర్చోలేదు. స్క్రీను చూసి, “చెరువు కట్టను గూడా గుర్తుపట్టలేవా శృతీ? చింతామణిలో చెరువుల్లేవా?” అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను.

సార్ ఫోన్ వచ్చిన సాయంత్రం రవీంద్ర నన్ను స్కూటరు మీద గూళూరు దిక్కు తీసుకుపోయాడు. కారం బొరుగుల పొట్లంతో చెరువు కట్ట ఎక్కి కూర్చున్నాం. చెరువులో నీళ్ళు ఓ మూల కొంచెమే ఉన్నా, గాలి మాత్రం చల్లగా వస్తోంది.

“ఇదేనా మేడమ్, నీ ఫిన్లాండు?”

“ఇట్లాంటివే ఉండాయండీ, ఎన్ని ఉండాయో!”

“అయితే ఆ కట్టల కింద మళ్ళలో ఏమేస్తారంట? చెప్పు, మన అంగడి నుంచే విత్తనాలు పంపిస్తా.”

నవ్వి, కట్ట కిందికి చూశాను. తూము, కాలువ, మళ్ళు. కట్ట ఆ చివర గుట్టకు ఆనుకుంది, ఈ చివర మిట్టకు. నీళ్ళు దిగిపోయే పల్లానికి అడ్డంగా నిలబడింది.

నేను వదిలేసినవి పల్లానికి అడ్డంగా లేవు. పల్లం వెంబడే పోయాయి. కొన్ని మిట్టలెక్కి అవతలికి దిగాయి. కొన్నింటికి రెండు పక్కలా నీళ్ళే. కింద మడి లేదు. దరిదాపుల్లో ఊరు లేదు. ఎవరి కోసం కడతారు, ఎవరు కడతారు?

బొరుగులు నోట్లోనే నానిపోయాయి. “ఇంటికి పోదాం పదండి,” అన్నాను.

బ్యాగులోంచి పేపర్లు తీశాను. రెండో పేజీలోనే బొమ్మ ఉంది. మంచు అడుగున సొరంగాల్లో పారిన ఏర్లు ఇసుకా గులకరాళ్ళూ పేర్చుకుంటూ పోయాయి. మంచు కరిగాక ఆ ఏటిదారులే గట్లుగా మిగిలాయి. మొగుడి ముందు నిలబడి ఆ పేజీ చదువుతుంటే చెవులు కాలిపోయాయి.

సార్‌కి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు. “సరేలే, శృతిది తుడిపించను. నీదాంట్లో నువ్వు నిదానంగా కలుపుకో. ఎవురికీ చెప్పొద్దు. లీడరువి, నీకూ నాకూ మర్యాద ఉండాది గదా.”

హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. శృతికి చేశాను.

“నేనింక రాను నేత్రా,” అంది. “ఇంట్లో గూడా చెప్పేసినా. నాకే సరిగ్గా కనబడలేదేమో. మీరందరూ చెప్తాంటే తప్పెట్లయితాది?”

“రేపు ఇంట్లోనే ఉండు,” అని మాత్రం అని పెట్టేశాను.

వంటింట్లో అత్త ఆఫీసువాళ్ళకని ఒబ్బట్లు డబ్బాలో సర్దుతోంది. మామ గడప మీద కూర్చుని ఉన్నాడు.

“మామా, ఆ పటంలో తప్పు నాది. శృతిది సరిగ్గా ఉండాది. నేను చదవకనే చదివినానని చెప్పినా.”

ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు. “వీదంతా చెప్పొస్తినే తల్లీ,” అన్నాడు మెల్లగా.

తలెత్తలేకపోయాను. అత్త మాత్రం డబ్బా మూత పెట్టకుండా నా వైపే చూస్తోంది. “ఇప్పుడేం చేస్తావు?”

“రేపు చిక్కబళ్ళాపురం బస్సెక్కను అత్తా. ముందు చింతామణి పోతాను. శృతిని పిలుచుకొని ఆఫీసుకు పోయి, ఆ రోజు నవ్వినోళ్ళందరి ముందర చెప్తాను. లీడరు పని ఆమెకియ్యమంటాను.”

అత్త ఇంకో రెండు ఒబ్బట్లు డబ్బాలో పెట్టింది. రవీంద్ర గోడకున్న మేకు నుంచి స్కూటరు తాళం తీసుకున్నాడు.

“ఇప్పుడే పోయి పెట్రోలు పోయించుకొనొస్తా,” అన్నాడు. “రేపు తెల్లారేటప్పటికి చింతామణి దావలో ఉండాల మనం.”