ముందు వరసలో అత్తగారు

అతను వాయించేది జాజ్. అందులోనూ ఒంటరి చెలో. ఫిడేలుకి పెద్దన్నలా మనిషి గడ్డం దాకా వచ్చే ఆ వాయిద్యాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, అప్పటికప్పుడు తోచింది వాయిస్తాడు. కమానుతో గీస్తాడు, వేళ్ళతో మీటుతాడు, మనసు పుడితే దాని చెక్కపెట్టె మీద దరువేస్తాడు. ఎక్కడ మొదలైందో అందరికీ తెలుస్తుంది. ఎక్కడ అయిపోయిందో మాత్రం చచ్చినా తెలీదు, వాయించేవాడితో సహా!

ఆ బాధ్యత భార్యది. అతను కమాను పైకెత్తి కళ్ళు మూసుకోగానే ముందు వరసలోంచి ఆవిడ టపటపా చప్పట్లు కొట్టేది. వెనకవాళ్ళు హమ్మయ్య అనుకుని అందుకునేవాళ్ళు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు.

అలాంటిది, కచేరీ రోజు పొద్దున్నే ఆవిడ బాత్‌రూమ్‌లో జారిపడింది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఇంకోసారైతే ఎలాగో నెట్టుకొచ్చేవాడు. కానీ హాలు యజమానురాలు ముందే కుండబద్దలు కొట్టింది. "క్రితంసారి సగంమంది మధ్యలో లేచిపోయారు. ఈసారీ అంతే అయితే ఇంక మీకు హాలు ఇవ్వలేను." ఊళ్ళో అతన్ని గడప తొక్కనిచ్చే హాలు అదొక్కటే.

"అమ్మని పంపిస్తాలెండి. ఎప్పుడు కొట్టాలో చెప్పాను," అంది భార్య.

పోయి పోయి అత్తగారినా! అత్తగారు ఎవర్నీ మెచ్చుకున్న పాపాన పోలేదు. కూతురి పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ నవ్వమంటే "ఎందుకూ?" అని అడిగిన మనిషి.

సాయంత్రం ఆవిడ తలుపు పక్కనే, ముందు వరసలో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. అతను కాసేపు వాయించి, కమాను పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. చడీచప్పుడూ లేదు. ఒక కన్ను తెరిచి చూశాడు. అత్తగారు కొయ్యబారినట్టు అతన్నే చూస్తోంది.

చేసేదేముంది? మళ్ళీ అందుకున్నాడు. ఈసారి తీగలు తెగేలా గీశాడు, కీచుమనిపించాడు, పెట్టెని బాదాడు. కమాను ఎత్తాడు. ఊహూఁ! వెనకనుంచి ఒకాయన మెల్లగా లేచి తలుపు వైపు వచ్చాడు. అత్తగారు తల తిప్పింది.

"ఆ అబ్బాయి ఇంకా వాయిస్తున్నాడుగా నాయనా. కూర్చో."

ఆయన వెనక్కెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ లేవలేదు. ఎవరికుంటాయండీ అన్ని గుండెలు?

అతను మూడోసారి మొదలెట్టేసరికి దగ్గరున్న విద్యలన్నీ అయిపోయాయి. చేతులు పీకుతున్నాయి. పోతే పోయింది వెధవ హాలు అనుకున్నాడు. అన్నిటికన్నా లావు తీగ మీద కమాను ఆనించి, ఒకే స్వరాన్ని నెమ్మదిగా లాగుతూ కూర్చున్నాడు. లోపల్నించి గొంతు పూడుకుపోయిన మనిషి మాటలా ఏదో వచ్చింది. ఎవరి గొంతో తెలీదుగానీ, బాగుంది. దాని వెంటపడి పోయాడు. హాలు, జనం, యజమానురాలు, ఎవరూ గుర్తులేరు.

కమాను తీగ మీదే ఆగింది. ఠాప్ ఠాప్‌మని చప్పట్లు! ఉలిక్కిపడి తలెత్తాడు. అత్తగారే! వెంటనే హాలంతా అందుకుంది. యజమానురాలు తలుపు దగ్గరే నిలబడి, "వచ్చే నెల కూడా పెట్టుకుందాం. ఆవిడ్ని కూడా తీసుకురండి," అంది.

ఇంటికెళ్తూ అతను ఉండబట్టలేక అడిగాడు. "అత్తయ్యగారూ, మీ అమ్మాయి చెప్పలేదా? నేను కమాను ఎత్తితే కొట్టాలని?"

"చెప్పింది. రెండుసార్లు ఎత్తావు, చూశాను. అయితే మాత్రం, బాగుంటే కదా కొట్టేది!"

"మరి తను ఎప్పుడూ కొడుతుందిగా?"

"దానికి ఆకలేసినప్పుడు కొడుతుంది బాబూ. ఎంత తొందరగా కొడితే అంత తొందరగా ఇంటికి రావచ్చని."

అతనికి చివుక్కుమంది, కాదనను. అయినా ఊరుకోక, "మరి చివర్న కమాను ఎత్తకుండానే కొట్టారేం?" అన్నాడు.

"అప్పటిదాకా వాయిస్తూ వాయిస్తూ నా మొహం చూస్తూనే ఉన్నావు, పరీక్ష రాసేవాడు మేష్టార్ని చూసినట్టు. చివర్న నన్ను మర్చిపోయావు. అదే బాగుంది," అంది అత్తగారు. "వచ్చే నెల మళ్ళీ ఇటు చూశావో, లేచి వచ్చేస్తాను."